ఫాల్ట్ కరెంటు లెక్క కుదరలేదని దారి మార్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈఈఈ ఫైనలియర్. 220 కేవీ లైను మీద ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్) సిమ్యులేషన్ ప్రాజెక్టు. చేత్తో వేసిన లెక్కకీ సిమ్యులింక్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చే కరెంటుకీ పొంతన లేదట, డీలా పడిపోయాడు. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనిచ్చి ఏఐ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నా. కోర్ (చదివిన ఎలక్ట్రికల్ రంగం) మేలా, ఏఐ మేలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నాలుగేళ్ల ఫీజు నీళ్లపాలైందేమోనన్నది మీ అసలు దిగులు. కాలేదండీ. మీవాడి మోడల్ తప్పని కూడా అనిపించడం లేదు.

ఈ ముక్క అతనికి చూపించండి. బస్సు (లైన్లు కలిసే కడ్డీ) దగ్గర షార్ట్ సర్క్యూట్ లెవల్ 10,000 ఎంవీఏ అయితే సోర్స్ రియాక్టెన్స్, అంటే ఏసీ కరెంటుకి సరఫరా వైపు అడ్డు, 4.84 ఓములు. కిలోమీటరుకు 0.4 ఓముల చొప్పున 100 కిలోమీటర్ల లైనుకు 40 ఓములు. ఫేజ్ వోల్టేజి 127 కేవీని 44.84తో భాగిస్తే త్రీఫేజ్ ఫాల్ట్‌కి 2.83 కిలోఆంపియర్లు. అది ఆర్ఎంఎస్, అంటే ఏసీకి సగటు లాంటి విలువ. స్కోప్‌లో కనబడేది పీక్, అంటే తరంగం శిఖరం, 4 కిలోఆంపియర్లు. సోర్స్ యాంగిల్ సున్నా ఉంచి ఫాల్ట్ 0.1 సెకనుకి పెడితే, ఆ క్షణాన 'ఏ' అనే మొదటి ఫేజ్ వోల్టేజి సున్నా దాటుతుంటుంది. డీసీ ఆఫ్‌సెట్ (తరంగం కాసేపు ఒక పక్కకి జరిగిపోవడం) నిండుగా వచ్చి మొదటి పీక్ 7 కిలోఆంపియర్ల దగ్గరికి పోతుంది. 0.105కి జరిపితే ఆ ఫేజ్‌లో ఆఫ్‌సెట్ దాదాపు ఉండదు. 2.83, 4, 7 మూడు అంకెలూ సరైనవే.

అప్పటికీ రీడింగ్ ఊగుతుంటే ఫ్రీక్వెన్సీ చూడమనండి. సోర్స్‌ని 50 హెర్ట్జ్‌కి మార్చి, ఫోరియర్, ఆర్ఎంఎస్ బ్లాకుల్ని, లైను బ్లాకుని డిఫాల్ట్ 60లో వదిలేయడం మామూలు పొరపాటు. రెండు చివరలా సోర్సులుంటే ఒక బస్సు దగ్గరి వీ-ఐ మెజర్‌మెంట్ బ్లాకు తన వైపు వాటానే చూపిస్తుంది. మొత్తం కావాలంటే ఫాల్ట్ బ్లాకులో ఫాల్ట్ కరెంట్లు ఎంచుకుని మల్టీమీటర్‌తో చదవాలి. గ్రౌండ్ ఫాల్ట్‌లో మూడు ఫేజుల మొత్తం 3ఐ0, అంటే ఐ0 అనే జీరో సీక్వెన్స్ కరెంటుకి మూడింతలు. దాన్నే ఐ0 అనుకుంటే లెక్క మూడింతలు తప్పుతుంది.

ఇక ఏఐ. ఇదే మోడల్లో ఫాల్ట్ చోటు, రెసిస్టెన్స్ మార్చి వేల కేసులు పుట్టించడం, సగంతో న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పి మిగతా సగంతో పరీక్ష పెట్టడం, స్లైడు మీద 99 శాతం అని రాయడం: ఈ ఫ్యాషన్ మీద నాకు గురి లేదు. ప్రశ్నపత్రం, జవాబులు ఒకే చేతివి కదా! సబ్‌స్టేషన్లో అదే డీసీ ఆఫ్‌సెట్‌కి సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) సాచురేట్ అయి, అంటే దాని హద్దు దాటి, తరంగం నెత్తి కోసేసినట్టు వస్తుంది. ఆ మోడల్లో సీటీయే ఉండదు. ఫాల్ట్ తరంగం చదవడం వచ్చినవాడు తర్వాత ఏఐ నేర్చుకుంటే పదును. చదవడం రాకుండా నేర్చుకుంటే సర్టిఫికెట్.

మీకు మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. కొన్న ప్రాజెక్టు వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. దొరకకపోతే ఇంకా నష్టం, ఇంటర్వ్యూలో దొరుకుతుంది. పిల్లాడు ఒక అంకె కోసం కొట్టుకుంటున్నాడంటే సంతోషించాల్సింది పోయి బేరాలాడుతున్నారు!

గేట్, ట్రాన్స్‌కో సంగతి మీకు తెలిసిందే. అవికాక రిలే (ఫాల్ట్ వస్తే లైను తెంపమని సంకేతమిచ్చే పరికరం) టెస్టింగ్, కమిషనింగ్, ప్రొటెక్షన్ స్టడీల పనులున్నాయి. మొదట్లో జీతం తక్కువ, సైట్ల మీద తిరుగుడు ఎక్కువ. నిజమే. కానీ అక్కడ రోజూ చేసేది ఇదే, రిలే రికార్డు చేసిన తరంగం చూసి ఏం జరిగిందో చెప్పడం.

ఈ ఆదివారం 0.1, 0.105 రెండు రన్లూ ఒకే గ్రాఫ్ మీద వేసి, తేడా ఎందుకో మీకు తెలుగులో చెప్పమనండి. కోర్సు మాట అప్పటిదాకా ఎత్తకండి.