హెల్ లెట్ లూజ్‌లో కథ ఎక్కడ, డబ్బు వెనక్కి వస్తుందా: సమాధానం

కావలి నుంచి రాసిన తమ్ముడూ, హెల్ లెట్ లూజ్ కొన్నాక అందులో కథ కనపడట్లేదని, గేమ్ పాడైందా, డబ్బు వెనక్కి వస్తుందా అని అడిగావు. నీ గేమ్ పాడవలేదు. రెండో ప్రపంచ యుద్ధం మీద తీసిన ఈ షూటింగ్ గేమ్‌లో కథ అనేదే లేదు. 50 మంది మీద 50 మంది, అంతా ఆన్‌లైన్ ఆటే. నువ్వడిగిన చరిత్ర మ్యాపుల్లో ఉంది: ఆ యుద్ధం నిజంగా జరిగిన కారెంటన్, స్టాలిన్‌గ్రాడ్ లాంటి చోట్లు.

డబ్బు సంగతి:

1. స్టీమ్‌లో (గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) కొని 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటల్లోపే అయితే రీఫండ్ ఇస్తారు.

2. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. మెనూ తెరిచిపెట్టి టీ తాగొచ్చినా ఆ సమయం ఆడినట్టే లెక్క. ముందు గేమ్ మూసెయ్. తర్వాత స్టీమ్ లైబ్రరీలో ఎన్ని నిమిషాలైందో చూడు.

3. స్టీమ్ సపోర్ట్‌లో ఆ గేమ్ ఎంచుకుని రీఫండ్ అడుగు.

కథే కావాలంటే 2016లో వచ్చిన, మొదటి ప్రపంచ యుద్ధం మీద తీసిన బ్యాటిల్‌ఫీల్డ్ 1 గేమ్ చూడు, అదీ సేల్‌లో పెట్టినప్పుడే. కాకపోతే చరిత్ర అంతా అచ్చంగా ఉంటుందనుకోకు: అందులోని హెల్‌రీగెల్ తుపాకి నిజం యుద్ధంలో నమూనా దశే దాటలేదు!