ముసలి ఎద్దు, తొమ్మిదేళ్ల బాబు

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. మా మామగారు సేద్యం చేసిన జోడెడ్లలో దాపటిది పోయిన ఏడాది చనిపోయింది. పదిహేడేళ్ల ఎలపటిది మాత్రం కొట్టంలో మిగిలింది. పొలానికి ట్రాక్టరు వస్తోంది కనుక దానితో పని లేదు, మేత కూడా సరిగా తినడం లేదు. సంతకు తోలేద్దామని మావారు అన్నప్పటి నుంచి మా తొమ్మిదేళ్ల బాబు అన్నం ముట్టకుండా కొట్టంలోనే కూర్చుంటున్నాడు. వాడు బడికి వెళ్లినప్పుడు పంపించేస్తే నాలుగు రోజుల్లో మరిచిపోతాడని మావారి అభిప్రాయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, బాబు బడిలో ఉన్నప్పుడు ఎద్దును పంపించే ఆలోచన దయచేసి మానుకోండి. ఇంట్లోవాళ్లు తనకు చెప్పకుండా చేశారన్న బాధ పిల్లవాడి మనసులో చాలాకాలం ఉండిపోతుంది. పైగా, పదిహేడేళ్ల ఎద్దును సంతలో సేద్యానికి కొనేవారు దాదాపు ఉండరు; అది చివరకు ఎక్కడికి చేరుతుందో తొమ్మిదేళ్ల పిల్లవాడికీ తెలుసు.

ముందుగా మేత సంగతి చూడండి. పశువుకు పై దవడలో ముందు పళ్లు ఉండవు, కింద ఉన్న ఎనిమిదింటితోనే మేతను అందుకుని దవడ పళ్లతో నములుతుంది. ముసలితనంలో ఆ దవడ పళ్లు అరిగిపోతే, ఆకలి ఉన్నా ఎండు చొప్ప నలగక, సగం నమిలిన ముద్దలు నోట్లోంచి గాడిలో పడిపోతుంటాయి. మీ ఎద్దు గాడిలో అలాంటి ముద్దలు కనిపిస్తే చొప్పను సన్నగా నరికి, లేత పచ్చగడ్డి, నానబెట్టిన తవుడు, ఉడికించిన ఉలవలు కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. ఒక కొమ్ము వాలిపోవడం, తల పదేపదే విదిలించడం, ఒక ముక్కురంధ్రం నుంచే నెత్తురు కారడం కొమ్ము క్యాన్సర్ లక్షణాలు. మన ఎడ్లలో ఇది అరుదు కాదు కనుక ఆలస్యం చేయకుండా 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి. కీళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయించవద్దు. ఆ మందు పడిన కళేబరాలను తిని రాబందులు చనిపోతున్నందున పశువులకు దాని వాడకాన్ని 2006లోనే మన దేశంలో నిషేధించారు. మెలాక్సికామ్ ఇవ్వవచ్చేమో డాక్టరును అడగండి.

బాబును కొట్టం నుంచి దూరం చేయకండి, కూర్చోవడానికి బదులు పని అప్పగించండి. కుడితి తొట్టి నింపడం, గంగడోలు నిమరడం, గాడిలో ఎంత మేత మిగిలిందో నోటుపుస్తకంలో రాయడం వాడు చేయగలడు. నొప్పితో ఉన్న ఎద్దు ఎంత సాధువైనా ఉలిక్కిపడి కొమ్ము విసరవచ్చు, కాలు తన్నవచ్చు. కాబట్టి ఎదురుగా గానీ వెనుక గానీ కాక, పక్కన భుజం దగ్గర నిలబడటం వాడికి నేర్పండి.

మీవారి లెక్క తప్పని నేను అనను, మేత ఖర్చు భారమే. ఆ భారం ఎంతో, ఎద్దుకు మిగిలిన కాలం ఎంతని డాక్టరు చెబుతున్నారో మీవారే బాబును పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి. ఆ వయసు పిల్లలకు చావు అంటే తిరిగి రాకపోవడమని అర్థమవుతుంది, అందువల్ల ‘నిద్రపోయింది’, ‘ఊరెళ్లింది’ వంటి మాటలు వద్దు. ఆ రోజు వచ్చినప్పుడు మీ చేలోనే, బావికి, కాలువకు దూరంగా లోతైన గొయ్యి తీయించి సున్నం చల్లి పూడ్చండి. అక్కడికి రావాలా వద్దా అన్నది బాబు ఇష్టానికే వదిలేయండి.