కణితుల వర్గీకరణ మొదలుపెడుతున్న విద్యార్థికి

చిరంజీవికి ఆశీస్సులు.

జన్యు వ్యక్తీకరణను, అంటే కణంలో ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందన్న కొలతను బట్టి క్యాన్సర్ రకాలను వేరుచేసే పని చేపడుతున్నావని తెలిసి సంతోషించాను. ఏ అల్గారిథమ్ మంచిదని అడిగావు. ప్రతి రకానికీ ఒక సగటు నమూనాను కట్టి, కొత్త కణితి దేనికి దగ్గరగా ఉందో చూసే సులువైన పద్ధతితో మొదలుపెట్టు. అంతకన్నా ముఖ్యమైన విషయాలు వేరే ఉన్నాయి.

ముందుగా రోగుల నుంచి తీసిన ప్రతి కణితి నమూనానూ ఏ ల్యాబ్‌లో, ఏ విడతలో, ఏ యంత్రం మీద కొలిచారో తెలుసుకో. ఒక రకం కణితులన్నిటినీ ఒక విడతలో, రెండో రకాన్ని మరో విడతలో కొలిచి ఉంటే, నీ మోడల్ వ్యాధిని కాక విడతను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. దాన్ని గణాంక పద్ధతులతో సవరించబోతే వ్యాధి తేడా కూడా చెరిగిపోతుంది.

రెండవది, నీ చేతిలో వేల జన్యువులు, పదుల సంఖ్యలో రోగులు ఉంటారు కనుక, కేవలం యాదృచ్ఛికంగా రకాలను చక్కగా విడదీసే జన్యువులు ఎప్పుడూ కొన్ని దొరుకుతాయి. మొత్తం నమూనాలను చూసి జన్యువులను ఎంచుకుని, ఆ తరువాత క్రాస్ వాలిడేషన్ (డేటాను కొన్ని మడతలుగా విడదీసి, ఒక్కోసారి ఒక మడతను పక్కన పెట్టి, మిగతా వాటితో శిక్షణ ఇచ్చి, పక్కన పెట్టినదాని మీద పరీక్షించడం) చేస్తే వచ్చే కచ్చితత్వాన్ని నమ్మవద్దు. జన్యువుల ఎంపిక కూడా ప్రతి మడతలో, శిక్షణ భాగం మీదనే, మళ్ళీ జరగాలి. అనుమానముంటే ఎవరిది ఏ రకమో చెప్పే రోగుల లేబుళ్ళను కలగాపులగం చేసి మొత్తం పనిని తిరిగి నడుపు. అప్పుడు కూడా ఫలితం ఘనంగానే వస్తే, ఎక్కడో పరీక్ష భాగం సమాచారం శిక్షణలోకి లీకవుతోందన్నమాట.

1999లో గోలబ్ బృందం రెండు రకాల తీవ్ర ల్యుకేమియాలను (రక్త క్యాన్సర్లను) వేరుచేసిన తీరు ఇప్పటికీ చదవదగినది. వారు 38 ఎముక మజ్జ నమూనాల నుంచి 50 జన్యువులను ఎంచి, విడిగా తెచ్చిన 34 నమూనాల మీద పరీక్షించారు; 29 నమూనాలకు గట్టి తీర్పు చెప్పారు, ఆ 29 సరైనవే. మిగిలిన ఐదింటిని అనిశ్చితంగా వదిలేయడమే నాకు అందులో అన్నిటికన్నా నచ్చినది. నీ మోడల్‌కు కూడా తెలియదని చెప్పే వీలు కల్పించు.

ఉపరకాలను కొత్తగా వెతకడం మరింత చిక్కు పని, ఎందుకంటే పోలికను బట్టి నమూనాలను గుంపులు చేసే క్లస్టరింగ్ ఏ డేటాకైనా గుంపులు చూపించి తీరుతుంది. 2000లో పెద్ద బి కణాల లింఫోమాలో (బి కణాలనే తెల్ల రక్తకణాల క్యాన్సర్‌లో) బయటపడిన రెండు గుంపులకు విలువ వచ్చింది రోగుల మనుగడలో తేడా కనిపించినందువల్ల. రొమ్ము క్యాన్సర్‌లో 50 జన్యువుల కొలతతో ఉపరకాన్ని చెప్పే పామ్50 పద్ధతిని వాడేటప్పుడు మరో జాగ్రత్త అవసరం: ప్రతి జన్యువు విలువనూ నీ సమూహపు మధ్యస్థంతో (వరుసలో నడిమి విలువతో) సరిచేస్తారు కనుక, నీ దగ్గర ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఆ హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్) ఉన్న కణితులే ఉంటే ఆ మధ్యస్థం ఒక పక్కకు జరిగి, లూమినల్ కణితులు (సాధారణంగా ఆ రిసెప్టర్ ఉండే ఉపరకాలు) కొన్ని వేరే ఉపరకం పేరుతో బయటికి వస్తాయి. అందుచేత ఆ రిసెప్టర్ ఉన్నవి, లేనివి ఏ పాళ్ళలో ఉన్నాయో ముందే లెక్కచూసుకో.