టెక్ సందేహాలు: పోయిన ఫోన్, మ్యాప్‌లో చుక్క, మూడో రోజు వచ్చే లింకు

ఈ వారం ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే ఫిర్యాదు: లొకేషన్ సరిగ్గా చూపించడం లేదు. చిన్నవి రెండు ముందు తేల్చేస్తాను.

కూకట్‌పల్లి నుంచి ఖమ్మం మారిన ఒకరి ట్యాబ్ ఇంకా కూకట్‌పల్లిలోనే ఉన్నానంటోందట. సిమ్ పెట్టే వీలులేని ట్యాబ్‌లలో చాలావాటికి జీపీఎస్ ఉండదు. చుట్టూ ఉన్న వైఫై రౌటర్లను బట్టి తానెక్కడుందో లెక్క వేసుకుంటాయి. మీరు పాత రౌటర్‌నే వెంట తెచ్చుకున్నారు, ట్యాబ్ దాన్నే నమ్ముతోంది. ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా వైఫై, లొకేషన్ రెండూ ఆన్‌లో ఉంచి కొన్నాళ్లు వాడండి, క్రమంగా సర్దుకుంటుంది. కాకినాడలో ఉన్న ల్యాప్‌టాప్ చెన్నై అని చూపించేది ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరు) వల్ల. నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఆ అడ్రస్‌ను ఏ ఊరి పేరిట నమోదు చేస్తే ఆ ఊరే వస్తుంది. ఈ రెండింటి వల్లా ఎవరికీ నష్టం లేదు.

అసలు భయపెట్టిన ఉత్తరం ఇది. "సికింద్రాబాద్ స్టేషన్‌లో అమ్మ ఫోన్ పోయింది. మ్యాప్‌లో చుక్క సాయంత్రం 6.40 దగ్గరే ఆగిపోయింది. అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకున్నాం. మూడో రోజు ఆ నంబరుకు 'మీ ఫోన్ దొరికింది, లొకేషన్ ఇక్కడ చూడండి' అని లింకు వచ్చింది. అమ్మ పాస్‌వర్డ్ కొట్టబోతుంటే ఆపాను. సరైన పనే చేశానా?"

నూటికి నూరుపాళ్లు సరైన పని. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, చాలామంది ఆపలేకపోయినవాళ్లే.

మ్యాప్‌లో చుక్క అంటే ఫోన్ ఇప్పుడున్న చోటు కాదు, చివరిసారి నెట్ అందినప్పుడు చెప్పిన చోటు. దొంగ మొదట చేసేది నెట్ తీసేయడమే. కొన్ని కొత్త ఫోన్లు ఆఫ్ చేసినా కొంతసేపు బ్లూటూత్ సంకేతం పంపుతాయి, దగ్గర్లో తిరిగే ఇతరుల ఫోన్లు దాన్ని అందుకుంటాయి. పాత ఫోన్లలో ఆ వీలు లేదు. చుక్క మళ్లీ కదిలినా దాన్ని పట్టుకుని మీరొక్కరే వెళ్లకండి. గదులు ఒకదానికొకటి ఆనుకుని ఉండే వీధిలో ఆ చుక్క ఏ తలుపుదో మీకు తెలియదు.

ఇక ఆ లింకు సంగతి. ఫోన్ మీ అకౌంట్‌తో ముడిపడి ఉన్నంతకాలం, రీసెట్ చేసినా మళ్లీ మీ పాస్‌వర్డో పాత లాకో అడుగుతుంది. అప్పుడు దొంగ దాన్ని విడిభాగాల కింద అమ్ముకోవాల్సిందే. ముడి విప్పగలిగింది మీరొక్కరే కనుక మీచేతే విప్పిస్తాడు. ఫోన్ పోయిందని అకౌంట్ నుంచి దానికి తాళం వేసే లాస్ట్ మోడ్‌లో "దొరికితే ఈ నంబరుకు చేయండి" అని మనమే తెర మీద నంబరు పెడతాం. లింకు దానికే వస్తుంది. తెరిస్తే అచ్చం అసలు లాగిన్ పేజీలాగే ఉంటుంది, ముందు పాస్‌వర్డ్, తర్వాత స్క్రీన్ లాక్ నంబరు అడుగుతుంది. కొందరికి "సర్వీస్ సెంటర్ నుంచి" అంటూ ఫోన్ కాల్ కూడా వస్తుంది. స్క్రీన్ లాక్ నంబరు అడిగే సర్వీస్ సెంటర్ ఫోన్ కాల్ ఏదైనా మోసమే అనుకోండి. ఇంకో మాట: విసుగొచ్చి ఆ ఫోన్‌ను అకౌంట్‌లోంచి మీరే తీసేయకండి. తీసేస్తే ముడి విప్పి దొంగ చేతిలో పెట్టినట్టే.

పోలీసు ఫిర్యాదు ప్రతి, ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబరు పట్టుకుని, కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో (పోయిన ఫోన్లను బ్లాక్ చేసే విభాగం) ఫోన్ బ్లాక్ చేయించండి. 2023 మే నుంచి ఇది దేశమంతటికీ ఉంది. ఐఎంఈఐ నంబరు ఫోన్ పెట్టె మీద ఉంటుంది. అదే నంబరుతో తీసుకున్న కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రాకపోవచ్చు, ఓటీపీ రాలేదని కంగారు పడకండి.

ఇక్కడ తయారీదారుల మీద నాకు కోపం వస్తుంది. తాళం వేసి ఉన్న ఫోన్‌లో పైనుంచి వేలితో లాగితే ఏరోప్లేన్ మోడ్ బటన్ కనిపిస్తుంది, అన్‌లాక్ చేయకుండానే పనిచేస్తుంది. లక్ష రూపాయల ఫోన్‌ను వెతికే ఏర్పాటంతా ఒక్క వేలితో ఆగిపోతుంది. దాన్ని ఆపే సెట్టింగ్ చాలా ఫోన్లలో ఉంది, కానీ ఎక్కడో లోపల దాచి, ఆఫ్‌లో పెట్టి అమ్ముతున్నారు. ఏటా కెమెరా గురించి గంటసేపు చెప్పుకునేవాళ్లు పెట్టె తెరవగానే ఇది ఆన్‌లో ఉండేలా ఎందుకు చేయరు?

వాడేవాళ్లూ తక్కువేం కాదు. పుట్టిన సంవత్సరమే స్క్రీన్ లాక్, అదే యూపీఐ పిన్. బస్సులో పక్కన నిలబడి ఒకసారి చూసినవాడికి ఫోన్‌తోపాటు బ్యాంకు ఖాతా కూడా దొరికినట్టే. ఇవాళే రెండూ వేరు చేయండి. డబ్బు పోయినట్టు తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ అమ్మగారికి వచ్చిన ఆ మెసేజ్‌ను చెరిపేయకండి. స్క్రీన్‌షాట్ తీసి, సంచార్ సాథీలోనే ఉన్న 'చక్షు'లో (మోసపు మెసేజ్‌లు, కాల్స్ గురించి చెప్పే చోటు) ఫిర్యాదు చేయండి. ఆ లింకు పంపిన నంబరును కూడా అందులో రాయండి.