ఆగస్టు తొమ్మిదికి ముందే ఊళ్లకు వెళ్లి రా

తమ్ముడూ,

ఆదివాసీ దినోత్సవం పని ఈసారి నీ నెత్తిన పడిందని ఫోన్లో చెప్పావు. ఉట్నూరు ఏజెన్సీలో కాలేజీ, హాజరు పట్టీ నిండా మెస్రం, కుమ్ర, ఆత్రం లాంటి గోండుల ఇంటిపేర్లు, ఇక టెన్షన్ దేనికి అంటారు అందరూ. నేనూ అలాగే అనుకుని చేతులు కాల్చుకున్నాను.

ఉద్యోగంలో చేరిన ఏడాది నలుగురు బీకాం పిల్లలకు క్రేప్ కాగితంతో ఈకలు కత్తిరించి, ఒంటికి బూడిద పూసి, స్టేజీ మీద గోండుల గుస్సాడీ వేషం కట్టించి ఆడించాను. వాళ్లలో ఒక్కడూ గోండు కాదు. చప్పట్లు మోగిపోయాయి. కూతురి స్కాలర్‌షిప్ పని మీద వచ్చి మూడో వరుసలో కూర్చున్న ఒకాయన మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయాడు. "అది డ్యాన్స్ కాదు సార్, మా దేవుడు" అంది మర్నాడు ఆ అమ్మాయి. దీపావళి ముందు దండారి పండుగలో గుస్సాడీ కట్టినవాళ్లు దీక్ష అయ్యేదాకా స్నానం కూడా చేయరు. మార్లవాయి కనకరాజు గారు గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకెళ్లారు, 2021లో పద్మశ్రీ కూడా వచ్చింది, నిజమే. కానీ బయట ఆడాలా వద్దా అన్నది వాళ్లు తేల్చుకున్న సంగతి. మనం కాదు. అందుకే జూలైలోనే ఊళ్లకు వెళ్లు, ఊరి పెద్ద పటేల్‌ను, పూజారి కటోడాను అడుగు. వద్దంటే వదిలెయ్.

వెళ్లేటప్పుడు ఒకటి చూసుకో. అది పత్తి చేలలో కలుపు తీసే కాలం. నువ్వు పెద్దవాళ్లను పిలిస్తే వాళ్లకు ఒక రోజు కూలి పోతుంది. శాలువా కప్పి పంపిస్తే సరిపోదు. కూలి, బస్సు చార్జీ బడ్జెట్‌లో ముందే రాసుకో.

ప్రధాన్‌లను పిలిస్తే స్టేజీ ఎక్కించకు. గోండుల వంశకథలు గుర్తుపెట్టుకుని పాడేది వాళ్లే. రాత్రంతా సాగే కథను పది నిమిషాల్లో ముగించమని చీటీ పంపిన ఘనత కూడా నాదే, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒక క్లాసురూమ్‌లో బెంచీలు తీసేసి చాపలు పరిపించు. వాళ్లు వాయించే కిక్రి అనే తీగవాద్యం మీద కమాను కదిలే చప్పుడు స్పీకర్లు లేకుండా వినాలి. అర్థం కాని పిల్లలకు పక్కనే గోండి వచ్చిన పిల్లలు మెల్లగా చెబుతారు.

బ్యానర్ తెలుగులో ఒక్కటే వేయకు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. అచ్చుకు పంపే ముందు ఆ లిపి చదవగలిగిన మనిషికి ఒకసారి చూపించు.

ఇక సంస్మరణ. దాన్ని ఆగస్టు సంబరంలో కలిపేయకు. కొమురం భీం వర్ధంతి ఇంగ్లీషు తేదీని బట్టి కాదు, ఆశ్వయుజ పౌర్ణమిని బట్టి వస్తుంది. ఆ రోజు పిల్లల్లో చాలామంది భీం నేలకొరిగిన జోడేఘాట్ వెళ్తారు. కాబట్టి కాలేజీలో ముందురోజే పెట్టు.

ఏప్రిల్ 20 ఇంకా కష్టం. 1981లో ఇంద్రవెల్లిలో భూముల కోసం సభకు వచ్చినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క పదమూడు మంది. ఊళ్లలో చెప్పే లెక్క అంతకు చాలా ఎక్కువ. ఎవరో ఒకరు లేచి ఏది నిజమని వాదన పెడతారు. నువ్వు తీర్పు చెప్పకు, రెండు లెక్కలూ చెప్పు. ఆ రోజు అక్కడున్నవాళ్లు ఎవరైనా మాట్లాడతామంటే మైక్ ఇవ్వు, మాట్లాడనంటే పక్కన కూర్చో. డ్యాన్సులు, పోటీలు, బహుమతులు ఏవీ ఆ రోజు వద్దు.

ప్రిన్సిపాల్ గారు ముఖ్య అతిథిగా ఎమ్మెల్యేను పిలుద్దామంటారు. పిలవనీ. మొదటి వరుస కుర్చీలు మాత్రం ఊరి పెద్దలకే ఉంచు, ఎమ్మెల్యే వచ్చాక వాళ్లను లేపకుండా ఇద్దరు వలంటీర్లను అక్కడే నిలబెట్టు. సాయంత్రం ఉట్నూరు వైపు ఆఖరి బస్సు ఎన్నింటికో ఇప్పుడే కనుక్కో.

మీ అన్న