పోలండా, జర్మనీయా అని అడిగిన ఖమ్మం తండ్రికి

ప్రశ్న: మా అబ్బాయి 2024లో కంప్యూటర్ సైన్సులో బీటెక్ పూర్తి చేశాడు. మార్కులు 62 శాతం. అమెరికా వీసా రెండుసార్లు తిరస్కరించారు. మా తోడల్లుడి పిల్లలిద్దరూ డల్లాస్‌లో స్థిరపడ్డారు, మావాడు ఇంట్లోనే ఉన్నాడు. హైదరాబాదులోని ఒక కన్సల్టెన్సీవారు పోలండ్‌లో ఒక ప్రైవేటు కళాశాలలో ఎంబీఏ సీటు, పార్ట్‌టైమ్ ఉద్యోగం, రెండేళ్లలో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వస్తాయని, ఆ తర్వాత అక్కడినుంచి జర్మనీకి మారిపోవచ్చని చెబుతున్నారు. ఖర్చులకు ఎకరం పొలం అమ్మాలి. పోలండ్ కమ్యూనిస్టు దేశమని, పక్కనే యుద్ధం ఉందని మా బావమరిది భయపెడుతున్నారు. రెండు దేశాలనూ పోల్చి, ఏది మేలో చెప్పగలరు.

జవాబు: మీ ప్రశ్నలో జర్మనీ గురించి ఉన్నది ఒక్క మాట, తోడల్లుడి పిల్లల గురించి ఉన్నది ఒక వాక్యం, పొలం గురించి ఉన్నది ఇంకొక వాక్యం. కాబట్టి మిమ్మల్ని నిద్రపోనివ్వనిది రెండు దేశాల మధ్య తేడా కాదని, పొలం పోయి పిల్లవాడు కూడా నిలదొక్కుకోలేకపోతే ఏమిటన్న భయమని అనుకుంటున్నాను. ఇదే ప్రశ్నను దేశం పేరు మార్చి ఎందరో తల్లిదండ్రులు నన్ను అడిగారు, అందరిలోనూ ఉన్నది ఈ భయమే. పోలిక చివర్లో చెబుతాను. ముందుగా మీ బావమరిదిగారి రెండు అభ్యంతరాలను చూద్దాం, ఎందుకంటే పిల్లవాడిని పంపే దేశం గురించి ఇంట్లో ఒకరికైనా సరైన అవగాహన ఉండాలి.

పోలండ్ ఇప్పుడు కమ్యూనిస్టు దేశం కాదు, కాకుండా పోయి మూడున్నర దశాబ్దాలు దాటింది. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్ నీడలో అక్కడ ఒకే పార్టీ పాలన సాగిన మాట నిజమే. అయితే ఆ పాలనను కూల్చడం మొదలుపెట్టింది ఆ దేశపు కార్మికులే. 1980 ఆగస్టులో గ్దాన్స్క్ ఓడరేవు నగరంలోని నౌకా నిర్మాణ కేంద్రంలో జరిగిన సమ్మెనుంచి సాలిడారిటీ అనే స్వతంత్ర కార్మిక సంఘం పుట్టింది. ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన లెహ్ వాలెన్సా దానికి నాయకుడయ్యారు, ఏడాది తిరగకుండానే సభ్యుల సంఖ్య సుమారు కోటికి చేరింది. 1981 డిసెంబరు 13న సైనిక శాసనం విధించి ఆ సంఘాన్ని అణచివేసినా అది చావలేదు. చివరికి ప్రభుత్వమే 1989 ఫిబ్రవరిలో వారితో చర్చలకు కూర్చుని, జూన్ 4న పాక్షికంగా స్వేచ్ఛగల ఎన్నికలు జరపవలసి వచ్చింది. ఆ ఎన్నికల్లో సెనేట్‌లోని 100 స్థానాల్లో 99 సాలిడారిటీ గెలుచుకుంది. ఆ ఏడాదే తదేవుష్ మజోవియెత్స్కీ కమ్యూనిస్టేతర ప్రధానమంత్రి అయ్యారు, మరుసటి ఏడాది వాలెన్సా అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. బెర్లిన్ గోడ ఇంకా నిలిచి ఉండగానే ఇదంతా మొదలైంది.

ఇప్పుడు అక్కడ 1997 రాజ్యాంగం అమల్లో ఉంది. ప్రజలు నేరుగా ఎన్నుకునే అధ్యక్షుడి పదవీకాలం అయిదేళ్లు, రోజువారీ పాలన ప్రధానమంత్రిది. పార్లమెంటులో 460 మంది సభ్యులున్న సెయిమ్, 100 మంది ఉన్న సెనేట్ అని రెండు సభలున్నాయి. 2023 డిసెంబరులో డొనాల్డ్ టస్క్ ప్రధాని అయ్యారు, 2025 ఆగస్టులో ఆయన ప్రత్యర్థి పక్షం బలపరచిన కరోల్ నవ్రోత్స్కీ అధ్యక్ష పదవి చేపట్టారు. అధ్యక్షుడు బిల్లును తిప్పి పంపితే దాన్ని తిరిగి నెగ్గించుకోవడానికి సెయిమ్‌లో అయిదింట మూడు వంతుల మద్దతు కావాలి కనుక అక్కడి రాజకీయం ఎప్పుడూ వాదోపవాదాలతో నిండి ఉంటుంది. ఇది మీ అబ్బాయికి అవసరమా అని మీరు అడగవచ్చు. అవసరమే. విదేశీయుల చదువు, వీసా, పని హక్కుల నిబంధనలు అక్కడ ఈ రాజకీయంతోపాటే మారుతున్నాయి. వీసాల జారీలో లంచాల ఆరోపణలు బయటపడి 2023లో ఒక విదేశాంగ ఉపమంత్రి పదవి కోల్పోయారు, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం నిబంధనలను గట్టిగా బిగించింది. 2025 నుంచి, ఏ భాషలో చదువుతారో ఆ భాషలో బీ2 స్థాయి (మధ్యస్థానికి పై మెట్టు) ప్రావీణ్యం ఉన్నట్లు విదేశీ విద్యార్థి రుజువు చూపవలసి ఉంటుంది. ఇంగ్లీషు పరీక్ష ఏదీ అక్కర్లేదని మీ కన్సల్టెన్సీవారు చెప్పి ఉంటే, ఆ మాట పాతబడింది.

దేశం 16 ప్రాంతాలుగా విభజితమై ఉంటుంది. ఒక్కొక్క ప్రాంతానికి వోయెవోద అనే అధికారిని కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. మన జిల్లాలో కలెక్టరు కార్యాలయం ఎలాంటిదో విదేశీ విద్యార్థికి ఆ వోయెవోద కార్యాలయం అలాంటిది. వీసా గడువు తీరకముందే నివాస కార్డుకు దరఖాస్తు చేసేది అక్కడే, నెలల తరబడి ఎదురుచూసేదీ అక్కడే. వార్సాలాంటి పెద్ద నగరంలో ఆ ఎదురుచూపు మరీ ఎక్కువ. ఆ నెలల్లో పిల్లవాడు ఇంటికి వచ్చి వెళ్లడం కూడా కష్టమవుతుంది. ఈ సంగతి ఏ బ్రోషర్‌లోనూ రాయరు.

ఇక యుద్ధం మాట. పోలండ్‌కు పడమర జర్మనీ, దక్షిణాన చెక్ దేశం, స్లొవేకియా, తూర్పున ఉక్రెయిన్, బెలారస్, ఈశాన్యాన లిథువేనియా, రష్యాకు చెందిన కాలినిన్‌గ్రాద్ ప్రాంతం ఉన్నాయి, ఉత్తరాన బాల్టిక్ సముద్రం. పెద్దగా కొండలు లేని మైదాన దేశం కావడం వల్ల రెండు వైపులనుంచీ సైన్యాలు దాని మీదుగానే నడిచాయి. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాక 1795 నుంచి 1918 వరకు పోలండ్ అనే దేశమే పటంలో లేదు. 1939 సెప్టెంబరు 1న పడమరనుంచి జర్మనీ, 17న తూర్పునుంచి సోవియట్ సైన్యం దండెత్తాయి. ఆ యుద్ధంలో దాదాపు 60 లక్షల మంది పోలండ్ పౌరులు మరణించారు, వారిలో సగం మంది యూదులు. కాబట్టి మీ బావమరిదిగారి భయాన్ని నేను కొట్టిపారేయను. 2025 సెప్టెంబరులో రష్యా డ్రోన్లు ఆ దేశ గగనతలంలోకి చొరబడినప్పుడు అక్కడి ప్రజలూ ఉలిక్కిపడ్డారు. అయినా పోలండ్ 1999 నుంచి, ఒకరిపై దాడి జరిగితే అందరిపై జరిగినట్లే భావించే నాటో సైనిక కూటమిలో సభ్యదేశం, 2004 నుంచి యూరోపియన్ యూనియన్ సభ్యదేశం. ఉక్రెయిన్‌కు లేని ఈ రక్షణే ఆ రెండు దేశాల మధ్య పెద్ద తేడా. 2022లో ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న మన తెలుగు పిల్లలు ఎందరో సరిహద్దు దాటి చేరుకున్న సురక్షిత దేశాల్లో పోలండ్ ఒకటి. వారిని స్వదేశానికి తెచ్చిన ఆపరేషన్ గంగ విమానాల్లో కొన్ని అక్కడి జెషూవ్ నగరంనుంచే బయలుదేరాయి. యుద్ధభయం ఒక్కటే కారణంగా నేను ఎవరినీ పోలండ్ వద్దని అనను.

విస్తీర్ణంలో ఆ దేశం మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసినదానికంటే కొంచెం పెద్దది, జనాభా మాత్రం నాలుగు కోట్లకు లోపే, అదీ తగ్గుతోంది. పిల్లలు తక్కువగా పుడుతున్నారు, వృద్ధులు పెరుగుతున్నారు, పనిచేసేవారు కావాలి. 2004 తర్వాత ఉద్యోగాల కోసం లక్షలాది పోలిష్ యువకులు బ్రిటన్‌కూ ఐర్లండ్‌కూ వెళ్లిపోయారు. పిల్లల్ని దూరదేశాలకు పంపి ఎదురుచూసిన తల్లిదండ్రులు అక్కడి ఊళ్లలో చాలామంది ఉన్నారు. మరోవైపు, అది దాదాపు ఒకే జాతి, ఒకే భాష, అత్యధికంగా ఒకే మతం ఉన్న సమాజం. క్యాథలిక్ చర్చి ప్రభావం ఎక్కువ. చాలా ఆదివారాలు దుకాణాలు మూసి ఉంచాలని చట్టమే ఉంది. మన రంగు మనుషులు వీధుల్లో కనిపించడం వారికి ఇంకా కొత్త. ఎక్కువమంది మర్యాదగా ఉంటారు, కొందరు చేదుగా ప్రవర్తిస్తారు. రెండింటికీ మీ అబ్బాయి సిద్ధపడాలి. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. ఒంటరితనం ఆ చీకటిలో రెట్టింపవుతుందని అక్కడినుంచి ఫోన్ చేసే పిల్లలు నాతో చెబుతుంటారు. మనకూ వారికీ పాత అనుబంధం ఒకటుందని కూడా చెప్పాలి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గుజరాత్‌లోని నవానగర్ సంస్థానాధీశుడు జామ్‌సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో వందలాది పోలిష్ పిల్లలకు ఆశ్రయమిచ్చారు. వార్సాలో ఆయన పేరిట ఒక కూడలి ఉంది.

ఇప్పుడు అసలు విషయం. నా అనుమానం పోలండ్ మీద కాదు, మీకు చూపించిన దారి మీద. కొన్నేళ్లుగా మన దగ్గర "యూరప్‌లోకి సులువైన ద్వారం" అనే పేరుతో ఈ దారి బాగా అమ్ముడుపోతోంది. కంప్యూటర్ సైన్సు చదివిన పిల్లవాడికి ఎంబీఏ ఎందుకు? సీటు తేలికగా దొరుకుతుందనే తప్ప వేరే కారణం నాకు కనిపించడం లేదు. 1364లో స్థాపించిన యాగెలోనియన్ విశ్వవిద్యాలయం, వార్సా విశ్వవిద్యాలయం, వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయం, క్రాకోవ్‌లోని ఏజీహెచ్ లాంటి ప్రభుత్వ సంస్థలు ఉన్న దేశంలో, కమీషన్ ఇచ్చే కళాశాలల పేర్లే మన కన్సల్టెన్సీల గోడలమీద ఎందుకుంటాయో ఒక్కసారి ఆలోచించండి. ప్రైవేటు కళాశాలలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. పేరే విననిచోట ఎకరం పొలం పెట్టవద్దని మాత్రం గట్టిగా అంటాను.

రెండేళ్లలో పీఆర్ అన్నది నిజం కాదు. అక్కడ దీర్ఘకాల నివాస హక్కుకు సాధారణంగా అయిదేళ్ల చట్టబద్ధ నివాసం, స్థిరమైన ఆదాయం, పోలిష్ భాషలో బీ1 స్థాయి కావాలి, పైగా చదువుకున్న కాలంలో సగమే లెక్కకు వస్తుంది. అంటే రెండేళ్లు చదివితే ఒక్క ఏడాది. మిగతా నాలుగేళ్లు ఉద్యోగం నిలుపుకోవాలి, ఏడు విభక్తులున్న భాషను నేర్చుకోవాలి. జర్మనీకి మారడం అంతకన్నా పెద్ద భ్రమ. పోలండ్ నివాస కార్డుతో జర్మనీకి 180 రోజుల్లో 90 రోజులు చూసిరావడానికి వెళ్లవచ్చు, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అక్కడ పనిచేస్తూ దొరికిపోతే పోయేది ఒక్క జర్మనీ కాదు, ఒకే వీసాతో తిరగగల యూరప్‌లోని షెంజెన్ దేశాలన్నీ. పార్ట్‌టైమ్ పని దొరుకుతుంది, అందులో ఎక్కువ భాగం గోదాముల్లోనో, భోజనం అందించే సైకిళ్ల మీదనో. అది తప్పుడు పని కాదు, దానితో గది అద్దె గడుస్తుంది. కానీ కళాశాల ఫీజు కూడా దానితోనే కట్టవచ్చని ఎవరు చెప్పినా నమ్మకండి.

మీతో ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. ఇంత పొడవైన ప్రశ్నలో మీ అబ్బాయికి ఏమి ఇష్టమో, ఏ ప్రోగ్రామింగ్ భాష వచ్చో, ఈ రెండేళ్లు ఏమి చేశాడో ఒక్క ముక్క కూడా లేదు. తోడల్లుడి పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో మాత్రం ఉంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల పిల్లవాడి ముందు రోజూ డల్లాస్ పేరు ఎత్తుతుంటే, వాడు ఏ దేశమైనా సరే, ఇంట్లోంచి బయటపడితే చాలనుకుంటాడు. అలా వెళ్లినవాడు అక్కడ ఇబ్బంది పడినా మీతో చెప్పడు, పొలం అమ్మించానన్న బరువుతో అబద్ధాలు చెబుతూ కాలం గడుపుతాడు. అలాంటి పిల్లలను నేను చూశాను. ఆ బరువు మీరు మోపకండి. వీసా తిరస్కరణ వాడి వైఫల్యం కాదని మీ నోటితో మీరే వాడికి చెప్పాలి.

పోలిక అడిగారు కనుక చెబుతాను. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, చదువు తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు ఇస్తారు. అయితే మన పట్టాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం, ఏడాదికి దాదాపు 12 వేల యూరోలు చూపే బ్లాక్డ్ ఖాతా (ముందే జమచేసి నెలకింత చొప్పునే తీసుకోగల ఖాతా) కావాలి, 62 శాతంతో మంచి కోర్సులో సీటు కష్టం. పోలండ్ ప్రభుత్వ సంస్థల్లో ఇంగ్లీషు కోర్సులకు ఫీజు ఉంటుంది, ప్రవేశం కొంత తేలిక, జీవన వ్యయం జర్మనీకన్నా తక్కువ. ఉద్యోగం వెతుక్కునే గడువు 9 నెలలే అయినా, అక్కడ పూర్తికాలం చదివి పట్టా పొందినవారికి విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు. వార్సా, క్రాకోవ్, వ్రోత్స్వావ్ నగరాల్లో బహుళజాతి సంస్థల సాంకేతిక కేంద్రాలున్నాయి. పోలండ్‌ను పోలండ్‌గానే ఎంచుకుని, ఆ భాష నేర్చుకుని, తన రంగంలోనే ఎంఎస్ చేసేవాడికి అది మంచి దేశం. జర్మనీకి మెట్టుగా ఎంచుకునేవాడికి కాదు.

భయపడకండి, ఆలస్యమేమీ కాలేదు. 2024లో చదువు ముగించినవాడికి ముందున్న కాలం చాలా ఉంది. ఇక్కడే ఒక ఏడాది చిన్న ఉద్యోగమైనా చేస్తే, దరఖాస్తులో ఆ అనుభవం మీ పొలంకన్నా ఎక్కువ విలువ చేస్తుంది. పొలం అమ్మకం ఆపండి, బ్యాంకు విద్యారుణానికి ఆ సంస్థ అర్హమో కాదో అడగండి; బ్యాంకు వెనకాడితే అదే మీకు ఒక సమాధానం. కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఇంకా కట్టకపోతే కట్టకండి. ఆ కళాశాలకు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉందా, ఫీజు తిరిగి ఇచ్చే నియమం ఏమిటి అని మీ అబ్బాయే స్వయంగా ఇంగ్లీషులో వారికి ఈమెయిల్ రాయాలి. దానికి వచ్చిన జవాబు, ఆదివారం సాయంత్రం మీ అబ్బాయితో మీరొక్కరే కూర్చుని మాట్లాడినప్పుడు వాడు చెప్పినది, ఈ రెండూ నాకు రాయండి. ఏ కోర్సు, ఏ నగరం అన్నది అప్పుడు ముగ్గురం కలిసి చూద్దాం.