అడగండి, చెబుతాం: సెర్చిలైటు బ్యాటరీలకు ఏ ఛార్జరు, ఎంతసేపు?

ప్రశ్న: రాత్రిపూట రొయ్యల గుంటల మీద కాపలాకు చేతి సెర్చిలైటు వాడుతున్నాం. లోపలి ప్యాక్ మీద 7.4 వోల్టులు, 5200 ఎంఏహెచ్ అని ఉంది. దాంతో వచ్చిన ఛార్జరు పోయింది. ఇంట్లో సెట్‌టాప్ బాక్సు అడాప్టరు ఉంది, 12 వోల్టులది. పిన్ను సరిగ్గా కూర్చుంటోంది. పెట్టుకోవచ్చా?
– రొయ్యల రైతు, విడవలూరు, నెల్లూరు జిల్లా

జవాబు: పెట్టకండి. 5 వోల్టుల అడాప్టరుకూ, 9 వోల్టుల దానికీ, 12 వోల్టుల దానికీ అదే గుండ్రటి పిన్ను వస్తుంది. అది కూర్చున్నంత మాత్రాన ఛార్జరు సరిపోయినట్టు కాదు.

మీ ప్యాక్‌లో లిథియం అయాన్ సెల్లులు రెండు వరసలుగా సిరీస్‌లో, అంటే ఒక వరస వోల్టులు ఇంకోదానికి కలిసేలా, ఉంటాయి. ఒక్కో సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు, అంటే ప్యాక్ మొత్తానికి 8.4. లిథియం ఛార్జరు మొదట్లో కరెంటును ఒకే మోతాదులో ఉంచుతూ ఎక్కిస్తుంది. వోల్టేజి 8.4 తాకగానే దాన్ని అక్కడే నిలబెట్టి, కరెంటును మెల్లమెల్లగా తగ్గనిచ్చి, బాగా పడిపోయాక ఆపేస్తుంది. అడాప్టరుకు ఈ పని తెలియదు. 12 వోల్టులు తోస్తూనే ఉంటుంది. ఎక్కువ కరెంటు లాగబట్టి అడాప్టరు కాగిపోవచ్చు, లేదా ఆగి ఆగి పనిచేయవచ్చు. ఇక అడ్డుగా మిగిలేది ప్యాక్‌లోని చిన్న రక్షణ బోర్డు ఒక్కటే. సెల్లు 4.25, 4.3 వోల్టుల దగ్గరికి వచ్చినప్పుడు అది లైను తెంపుతుంది. కానీ దాన్ని పెట్టింది ఆపద వేళకు, రోజూ ఛార్జరు పని చేయించడానికి కాదు. అది కాలిపోతే ఒక్కో సెల్లు మీద 6 వోల్టుల దాకా పడుతుంది. అగ్గి పుట్టేది అప్పుడే.

కొనాల్సింది "8.4 వోల్టులు, లిథియం" అని రాసి ఉన్న ఛార్జరు. కరెంటు 1 నుంచి 2 ఆంపియర్ల దాకా ఉండవచ్చు. ఈ ప్యాక్‌కు 2.6 దాటకూడదు, అది సామర్థ్యంలో (5200 ఎంఏహెచ్ అంటే 5.2 ఆంపియర్ గంటలు) సగం. 1 ఆంపియరు ఛార్జరుతో ఖాళీ ప్యాక్ నిండడానికి ఆరేడు గంటలు పడుతుంది. తెచ్చిన వెంటనే, బ్యాటరీకి తగిలించకముందే, పిన్ను దగ్గర మల్టీమీటరు పెట్టి చూడండి. 8.35 నుంచి 8.45 లోపు చూపాలి. 8.5 దాటితే అంగడివాడికి తిరిగి ఇచ్చేయండి. పిన్ను లోపలి భాగం ప్లస్సా మైనస్సా అన్నది కూడా పాత ఛార్జరు మీది గుర్తుతో సరిపోల్చుకోండి.

ఇదే లెక్క మిగతా ప్యాక్‌లకూ. ఒక సెల్లుకు 4.2, మూడు సిరీస్‌లో ఉంటే 12.6, నాలుగుకు 16.8. "12 వోల్టుల లిథియం" అని అమ్మేవాటిలో చాలావరకు మూడు సెల్లులవే. వాటికి మోటారు సైకిలు బ్యాటరీ ఛార్జరు పెడితే 14.4 వోల్టులు వెళ్తాయి, అంటే సెల్లుకు 4.8. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేరు. అందులో సెల్లు నిండేది 3.65 దగ్గర, నాలుగు సెల్లుల ప్యాక్‌కు 14.6. లేబులు మీద రకం రాయని ప్యాక్ ఎంత చవకైనా వదిలేయడమే మేలు.

గుంటల గట్టున ఉండేవాళ్లకు మరో మాట. పెట్టగానే ఛార్జరు మీద పచ్చ లైటు వెలిగితే బ్యాటరీ నిండిందని అనుకోకండి. కరెంటు పోవడం లేదన్నదే దానర్థం. ఉప్పుగాలికి సాకెట్టులో చిలుము పట్టి ఉండవచ్చు, లేదా బోర్డు లైను తెంపి ఉండవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో సాకెట్టు తుడిచి, ఆరాక మళ్లీ చూడండి. అప్పటికీ అంతే అయితే ప్యాక్ విప్పించి రెండు వరసల వోల్టేజి విడివిడిగా కొలిపించండి. 0.1 వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే ఒక వరస బలహీనపడినట్టే. ఆ వరస ఒక్కదాన్నే మార్చి కొత్తవీ పాతవీ కలిపితే లాభం లేదు, సెల్లులన్నీ మార్చాల్సిందే.

ప్రశ్న: వేటకు పోయేటప్పుడు తలకు కట్టుకునే లైటు ఒంగోలులో కొన్నాను. 18650 సెల్లు మీద 9800 ఎంఏహెచ్ అని ఉంది. ఫుల్ వెలుతురులో గంట కూడా రావడం లేదు. ఛార్జింగ్ తప్పా?
– మత్స్యకారుడు, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా

జవాబు: తప్పు ఛార్జింగ్‌ది కాదు, ఆ అంకెది. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. అంత చోటులో మంచి కంపెనీ సెల్లుకైనా సాధారణంగా దొరికేది 2500 నుంచి 3500 ఎంఏహెచ్. 9800 అని అచ్చువేసినవాటిలో కొన్నింటికి వెయ్యి కూడా ఉండదు. కిరాణా అంగడి డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి. నిఖార్సయినది 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. 30 తూగితే అది డొల్లే.

అయితే మంచి సెల్లు వేసినా ఎంత ఆశించాలో తెలుసుకోండి. 3000 ఎంఏహెచ్‌ను 3.6 వోల్టులతో గుణిస్తే 10.8 వాట్ అవర్లు. నిజంగా 10 వాట్లు తాగే లైటుకు అది గంటే. సగం వెలుతురులో వాడుకుంటూ, ఇంకో సెల్లు మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వెంట ఉంచుకోవాలి. జేబులో తాళంచెవులతో కలిపి వేయకండి. సెల్లు పైరేకు మొత్తం మైనస్సే, ప్లస్ మొన చుట్టూ ఉన్న పల్చటి తొడుగు చిరిగితే అక్కడికక్కడే షార్ట్ అవుతుంది. తొడుగు చిరిగిన సెల్లునూ, సముద్రపు నీళ్లు తాకిన సెల్లునూ ఛార్జింగ్ పెట్టవద్దు. 2 వోల్టుల కిందికి పడిపోయిన దాన్ని "లేపి" ఇస్తామనేవాళ్లు ఉంటారు. లోపల రాగి కరిగి పేరుకుని ఉంటుంది కాబట్టి అది లేచినా నమ్మదగ్గది కాదు.

ప్రశ్న: గ్రానైట్ క్వారీలో వాచ్‌మన్లకు ఇచ్చిన పెద్ద లైట్లలో 6 వోల్టుల 4.5 ఏహెచ్ బ్యాటరీలున్నాయి. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా పది నిమిషాలకే మసకబారుతున్నాయి.
– సూపర్‌వైజరు, చీమకుర్తి

జవాబు: అవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. వీటి జబ్బు లిథియానికి తలకిందులు. లిథియం సగం నింపి దాచితే బాగుంటుంది, ఇది ఖాళీగా ఉంటే చస్తుంది. లైటు ఆరిపోయాక రెండు మూడు రోజులు మూలన పడేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. డ్యూటీ దిగగానే ఛార్జింగ్ పెట్టడం ఒక్కటే దీనికి మందు.

పోయిందో లేదో ఇలా తేల్చండి. పూర్తిగా ఛార్జి చేసి, నాలుగు గంటలు వదిలేసి కొలవండి. 6.4 దగ్గర ఉండాలి. తర్వాత లైటు వేసి మళ్లీ చూడండి. పది నిమిషాల్లోనే 5.25 కిందికి జారితే ఇక మార్చేయడమే. కొత్తదానికి 0.45 ఆంపియర్ల దగ్గర 12 గంటలు చాలు, గరిష్ఠ వోల్టేజి 7.2 నుంచి 7.4. లైటుతో వచ్చే చవక ఛార్జర్లు చాలావరకు తమంతట ఆగవు. సెలవు రోజుల్లో రెండేసి రోజులు ప్లగ్గులోనే వదిలేస్తే లోపలి నీరు వాయువులుగా విడిపోయి బ్యాటరీలు ఎండిపోతాయి. వేళకు కరెంటు ఆపేసే టైమరు ప్లగ్గుకు పెట్టండి; మరీ చవకది వెతక్కుండా కాస్త ఎక్కువ పెట్టి గట్టిది కొనండి.

ప్రశ్న: నిమ్మతోటలో మోటారు రేకుల షెడ్డులో లైటు బ్యాటరీ ఛార్జింగ్ పెడుతున్నాం. ఎండాకాలంలో బ్యాటరీ చేయి పెట్టలేనంత కాగుతోంది. సోలారు పలక నుంచి నేరుగా ఇవ్వొచ్చా?
– పొదలకూరు

జవాబు: లిథియంను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. రోహిణి కార్తెలో మీ రేకుల కింద మధ్యాహ్నం అంతకు మించే ఉంటుంది. తెల్లవారుజామున పెట్టండి, సిమెంటు నేల మీద, గోనెసంచులకూ డీజిలుకూ దూరంగా. లైటు ఆర్పిన అరగంట తర్వాతే ప్లగ్గు తగిలించండి. "12 వోల్టుల" సోలారు పలక ఎండలో ఏమీ తగిలించకుండా 20 వోల్టులు దాటుతుంది, కాబట్టి నేరుగా వద్దు. సోలారు కంట్రోలరు (పలక వోల్టేజిని బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసే పెట్టె) ద్వారా 12 వోల్టుల పెద్ద బ్యాటరీకి ఇచ్చి, దానికి కారులో వాడే యూఎస్‌బీ ఛార్జరు తగిలించి, అక్కణ్నుంచి యూఎస్‌బీ టార్చికి ఇవ్వడం తేలిక.

ప్రశ్న: వెనక రెండు పిన్నులు బయటికి లాగి గోడకు గుచ్చే టార్చి మాది. ప్లగ్గు నుంచి పీకాక కూడా పిన్నులు తగిలితే జిల్లుమంటోంది.
– సింగరాయకొండ

జవాబు: అందులో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ఒక కెపాసిటరు, నాలుగు డయోడ్లతో కరెంటు దించుతారు. పీకాక కెపాసిటరులో మిగిలిన చార్జిని ఖాళీ చేసే రెసిస్టరు లేకపోయినా, తెగిపోయినా ఇలా కొడుతుంది. దానికంటే పెద్ద ప్రమాదం ప్లగ్గులో ఉన్నప్పుడే. లోపలి ప్రతి తీగా 230 వోల్టుల లైనుకు కలిసి ఉంటుంది. పగిలిన టార్చిని తడిచేత్తో పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఛార్జింగ్‌లో ఉండగా స్విచ్చి వేయకండి, మూత తీయకండి. పెట్టేటప్పుడు చేతులు తుడుచుకోండి, పీకేటప్పుడు గోడ స్విచ్చి ముందు ఆపండి. మీదైతే రిపేరుకు ఇవ్వడం కూడా దండగ, యూఎస్‌బీతో ఛార్జి అయ్యేది కొనుక్కోండి.